రోజుకు ఎన్ని కిలోమీటర్లు?

జాబ్రియా, కువైట్
నవంబరు 15, శుక్రవారం

రమా,

క్షేమసమాచారాలన్నీ నిన్న ఫోన్లోనే అయిపోయాయి. తిన్నావా అంటే తిన్నాను, నిద్ర పట్టిందా అంటే పట్టింది. మన ఫోను ఎప్పుడూ అంతే. నీ పక్కన మా అమ్మ, నా పక్కన నీ తర్వాత ఈ వంటింట్లోకి వచ్చిన రజియా బీ. కారు మాట ఎత్తితే సాయంత్రానికి రాయచోటి మొత్తం తెలిసిపోతుంది. అందుకే కాగితం తీశాను. నువ్వు వంటింట్లో, నేను గేటు పక్క గదిలో ఇదే ఇంట్లో పనిచేసిన ఆరేళ్లూ, ఇంటావిడ మామా ఇచ్చిన సరుకుల చీటీ వెనక రాసుకునే కదా కాపురం చేశాం. ఒకవైపు ఉల్లిగడ్డలు మూడు కిలోలు, తిప్పితే నీ తలనొప్పి తగ్గిందా అని.

అసలు సంగతి. ఏప్రిల్లో నా ఇఖామా, అదే ఇక్కడ ఉండడానికిచ్చే పర్మిట్టు, గడువు అయిపోతుంది. ఇంకో రెండేళ్లకు కొట్టించాలా, టికెట్టు తీయాలా అని ఇంటి యజమాని కఫీల్ అడుగుతున్నాడు. ఖలాస్ అనేసి వచ్చెయ్యాలనే ఉంది. కానీ వచ్చి ఏం చెయ్యను? పదమూడేళ్లుగా స్టీరింగ్ తప్ప ఇంకొకటి పట్టని చెయ్యి ఇది. నువ్వు చెప్పిన ఆ పాత డీజిల్ కారు కుదిరితే వస్తాను. కుదరకపోతే రెండేళ్లు ఇక్కడే.

కాబట్టి దాన్ని బాగా చూడాలి. చెప్పకుండా పొద్దున్నే వెళ్లు. తాళం తిప్పకముందే బానెట్ మీద అరచెయ్యి ఆనించు. చల్లగా ఉండాలి. వేడిగా ఉందంటే, నువ్వొస్తున్నావని తెలిసి ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. పొద్దున్నే లేవడానికి బద్ధకించే డీజిల్ ఇంజన్లుంటాయి, ఆ బద్ధకం మనకు కనపడకుండా అమ్మేవాళ్లు అలా చేస్తారు. వేడిగా ఉంటే ఏమీ మాట్లాడకుండా తిరిగొచ్చెయ్. నీకు ఏమీ మాట్లాడకుండా ఉండడం కష్టమని తెలుసు.

ఈ ఉత్తరం ఫర్వానియాలో ఉండే సాయిరామ్ చేత పంపుతున్నాను. మన సంబేపల్లి వాడే, మంగళవారం లీవుకు వస్తున్నాడు.

నీ
నాగేశ్వర

*

రాయచోటి
డిసెంబరు 2

ఏమయ్యా,

సాయిరామ్ ఉత్తరం ఇచ్చి, మూడు కిలోల బియ్యప్పిండి నిప్పట్లకు చెప్పి పోయాడు, తిరిగి పోయేటప్పుడు కువైటుకు తీసుకెళ్లడానికట. ఇప్పుడు ఊళ్లో ఎవరు విమానం ఎక్కినా నా నిప్పట్లు, నువ్వులపొడి సంచిలో ఉండాల్సిందే. సరే, అది నా గొప్ప. నీ కారు సంగతికి వస్తా.

నిన్న పొద్దున ఆరున్నరకు మెకానిక్ సిద్ధయ్యన్నను వెంటబెట్టుకుని పోయాను. కారు ఈశ్వరయ్య అనే ఆయనది, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి దిగిపోయాడు. తెల్ల కారు, రెండువేల పద్నాలుగులో కొన్నది. నువ్వు చెప్పినట్టే వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టా. దోసె పెనంలా ఉంది.

"ఇప్పుడే మా మనవరాల్ని బడికాడ ఇడిసిపెట్టొస్తినమ్మా, అందుకే కాలతాండాది" అన్నాడు.

"ఈ పొద్దు ఆదివారం కదన్నా, యా బడి?" అన్నాను.

సిద్ధయ్యన్న అటు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. ఈశ్వరయ్య ముఖం చూడాలి. మనవరాలే లోపలినుంచి పళ్లు తోముకుంటూ వచ్చి వాకిట్లో నిలబడింది. నువ్వు మాట్లాడొద్దన్నావు గానీ, ఆ అవకాశం వదులుకుంటే నాకు అన్నం అరగదు. మళ్లీ వస్తామని చెప్పి వచ్చేశాం.

దారిలో సిద్ధయ్యన్న ఒక మాట అడిగాడు. "మీ ఆయన దినానికి ఎన్ని కిలోమీటర్లు తోల్తాడమ్మా? డీజిలు బండి దూరం పోతానే ఉండాల. బజారుకు పోయి వచ్చేదానికైతే వద్దే వద్దు. మసి పట్టి మొరాయిస్తాది, రిపేరొస్తే పెట్రోలు బండి కంటే రెండింతలు తింటాది. దూరమైతే మాత్రం దీనంత మేలు ఇంకోటి లేదు."

ఇంకొకటి కూడా చెప్పాడు. అది తెల్లబోర్డు బండి. బాడుగకు తిప్పాలంటే పసుపు బోర్డు ఉండాలట, ఇంత పాత బండికి అది రావడం కష్టమట.

కాబట్టి జవాబు రాయి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తోలుతావు? ఎవరిని ఎక్కించుకుని ఎక్కడికి పోతావు?

రమాదేవి

*

జాబ్రియా, కువైట్
డిసెంబరు 27

రమా,

ఆదివారం బడి మాట రజియా బీకి చెబితే వంటింట్లో నవ్వలేక కూలబడింది. నీ ఉత్తరం ఆమే చదివి వినిపించింది. నా చేతులు బండి కడిగి తడిగా ఉన్నాయిలే.

పోయిన శుక్రవారం అబ్బాసియాలో భోజనం చేసి, పక్కనే ఉన్న ఒక గ్యారేజీకి పోయాను. అక్కడి మేస్త్రీ లాహోరు మనిషి. చిన్న డీజిల్ కారు కొంటున్నా, ఏమేం చూడాలి అని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు. "చిన్న కారుకు డీజిలా? మీ ఊళ్లో దాన్ని పొలానికి తోలుతారా?" అని నవ్వాడు. ఇక్కడ డీజిలంటే లారీలకు, బస్సులకే. పెట్రోలు ఇంత చౌకగా దొరికే దేశంలో లీటరుకు ఎంత దూరం వస్తుందని ఎవడూ అడగడు. మామా పెళ్లింట్లో మూడు గంటలు కూర్చుంటే, నేను బయట ఏసీ వేసుకుని మూడు గంటలూ ఇంజను ఆపకుండా ఉండేవాణ్ని. మన ఊళ్లో అలా చేస్తే పిచ్చోడంటారు.

నవ్వినా మంచివాడే. స్కూలు బస్సు ఒకటి రిపేరుకు వచ్చి ఉంటే దాని దగ్గరికి తీసుకెళ్లి, చెవి పెట్టి వినమన్నాడు. డీజిల్ ఇంజను కొట్టుకుంటుంది, అది దాని స్వభావం. కొట్టుకోవడంలో లెక్క తప్పకూడదు, అంతే. మధ్యలో ఒకటి తడబడిందంటే డీజిలు చిమ్మే ఇంజెక్టరు పోయినట్టు. అరగంట విన్నాను. ఎంత బాగుందో.

ఈసారి పొగ చూడు. మొదట కాస్త నల్లగా వచ్చి పోతే ఫరవాలేదు. నీలంగా వస్తే ఆయిలు తాగుతోంది, వదిలెయ్. తెల్లగా చాలాసేపు వస్తే అదీ మంచిది కాదు. రంగు నువ్వే చూడు, నీ కళ్లతోనే చూడు, ఎవరి మాటా నమ్మొద్దు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి, దాని మీదే తిరగేసి పెట్టమను. మూత ఎగిరెగిరి పడితే లోపల అరిగిపోయిందని.

కిలోమీటర్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు బండి మంచిదో కాదో తేలనీ.

నాగేశ్వర

*

రాయచోటి
జనవరి 12

ఏమయ్యా,

మొగుడూ పెళ్లాల ఉత్తరం రజియా బీ చేత చదివించుకుంటావా? తడి చేతులు తుడుచుకోవడానికి ఆ ఇంట్లో గుడ్డే లేదా? ఈసారి నేను ఏవైనా రాస్తే ఆమె ముందు నీ పరువే పోతుంది, చూసుకో.

ఇంకోటి. నీ అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. ఒక వరస మీద ఇంకో వరస ఎక్కింది. పెన్ను మార్చు.

కారును మళ్లీ చూశాం. ఈసారి ఐదున్నరకే, మంచులో. ఈశ్వరయ్య తలకు తువ్వాలు చుట్టుకుని తలుపు తీసి, నన్ను చూడగానే చేతులు జోడించాడు. "చెయ్యి పెట్టుకోమ్మా, ఈ పొద్దు ఎవర్నీ బడికి పంపలా" అన్నాడు. బానెట్ మీద మంచు నీళ్లు. తాళం తిప్పితే రెండోసారికి అందుకుంది. పొగ కాస్త నల్లగా వచ్చి రెండు నిమిషాల్లో పోయింది. మూత తిరగేసి పెట్టాం, కొద్దిగా వణికింది గానీ ఎగరలేదు. నువ్వు చెప్పినట్టు చెవి పెట్టి విన్నాను. సిద్ధయ్యన్న గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు, నేను మాత్రం వింటూనే ఉన్నా. మొదట నాకు అంతా గలాటాలాగే ఉంది, పది నిమిషాలకు వరస దొరికింది. నువ్వు ఎంత బాగుందో అని ఎందుకు రాశావో అప్పుడు తెలిసింది.

క్లచ్చు అరిగింది, మార్చాలి. ముందు టైర్లు రెండూ పోయాయి. వెనక సీటంతా మేక వాసన. జబ్బు చేసిన మేకపిల్లల్ని ఆసుపత్రికి అందులోనే తెచ్చేవాడట. "కూర్చున్నవాళ్లలో నోరు మెదపనివి అవే" అన్నాడు. నాకు ఆ మనిషి నచ్చాడు. బండి కూడా నచ్చింది.

ఇప్పుడు చెప్పు. రెండోసారి అడుగుతున్నా. ఇంజెక్టరు గురించి ఒక పేజీ రాసేవాడివి, అడిగిన ఒక్క ముక్కకు జవాబు రాయవేం? రోజుకు ఎన్ని కిలోమీటర్లు? ఇరవై లోపయితే పెట్రోలు బండి వెతుకుదాం. ఈశ్వరయ్య ఇంకెవరికో మాట ఇచ్చేలోపు నేనేదో ఒకటి చెప్పాలి.

రమాదేవి

*

జాబ్రియా, కువైట్
జనవరి 31

రమా,

ఆ కారు వద్దు. పదేళ్లు దాటిన బండి, క్లచ్చు పోయింది, టైర్లు పోయాయి, రేపు ఇంకేదో పోతుంది. పెట్రోలు బండీ వద్దు. అసలు ఏదీ వద్దు.

ఇఖామా ఇంకో రెండేళ్లకు కొట్టించమని కఫీల్‌కు చెబుతున్నాను. ఈశ్వరయ్యకు మర్యాదగా చెప్పెయ్. ఇంక దీని గురించి రాయొద్దు.

నాగేశ్వర

*

రాయచోటి
ఫిబ్రవరి 20

నాగేశ్వరా,

పేరు పెట్టి పిలుస్తున్నానంటే నాకు ఎంత కడుపు మండుతోందో నీకు తెలుసు.

రజియా బీ లీవుకు వచ్చింది. నిన్న మన ఇంటికి వచ్చి, నువ్వు పంపిన ఖర్జూరాలు, నాకు చీర, అత్తకు దుప్పటి ఇచ్చింది. టీ పోసి మాట్లాడుతూ, మామూలుగానే అడిగాను, "ఎయిర్‌పోర్టుకు మా ఆయనే దింపినాడా?" అని.

"అన్న కూడా వచ్చినాడు అక్కా. ఎనక సీట్లో నా పక్కనే కూర్చున్నాడు" అంది.

అని, నాలిక కరుచుకుంది. నేను గుచ్చి గుచ్చి అడిగితే, "అన్న ఒట్టు పెట్టించుకున్నాడు అక్కా, నన్ను అడగద్దు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెను ఇంక వేధించలేదు. ఎవరి ఒట్టయినా ఒట్టే.

పదమూడేళ్లుగా ఆ ఇంట్లో బండి తోలేవాడివి, వెనక సీట్లో ఎందుకు కూర్చున్నావు? నీ అక్షరాలు ఎందుకు పెరిగాయి? నా ఉత్తరం ఇంకొకరు ఎందుకు చదవాల్సి వచ్చింది? పొగ రంగు నీ కళ్లతో చూడు అని రాశావు కదా, ఆ ఉత్తరాన్ని మళ్లీ తీసి చదివాను. చదివాక నాకు భయమేసింది. నిజంగా భయమేసింది.

నువ్వు బండి కొను, కొనకపో. రెండేళ్లు ఉండు, పదేళ్లు ఉండు. కానీ నాతో అబద్ధమాడి ఉండొద్దు. ఎవరి చేతా రాయించకు. అక్షరం ఎంత పెద్దదైనా నువ్వే రాయి.

రమాదేవి

*

జాబ్రియా, కువైట్
మార్చి 14

రమా,

ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. కాగితాలు చాలా అయ్యాయి, ఏమనుకోవద్దు.

పోయిన జూన్‌లో లైసెన్సు కోసం కంటి పరీక్షకు పోయాను. అలవాటుగా కూర్చుని, అలవాటుగా గోడ మీది పలక చూశాను. మూడో వరస దాటితే ఒక్కటీ అందలేదు. కుడి కన్ను మూసి చూడమన్నారు, కొంత నయం. ఎడమది మూస్తే మధ్యలో నల్లటి మచ్చ, దాని చుట్టూ గది. షుగరు వల్ల కంటి వెనక పొర పాడైందన్నారు. కంట్లోకి సూదులు వేస్తే తేరుకోవచ్చు, ఆరు నెలలు చూద్దాం అన్నారు. ఆ ఆశతోనే నీకు నవంబరులో కారు గురించి రాశాను. అప్పుడు అబద్ధమాడలేదు, సగమే చెప్పాను. జనవరి ఆఖరున మళ్లీ అదే పలక ముందు కూర్చున్నా. అదే మూడో వరస. ఇంక చెడకుండా ఆపగలం, పోయింది మాత్రం రాదు అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే నీకు కారు వద్దని రాశాను.

సిలోన్ నుంచి కొత్త డ్రైవరు వచ్చాడు. పొడుగు మనిషి, వచ్చిన రోజే నా సీటు వెనక్కి జరుపుకున్నాడు. కఫీల్ నన్ను పొమ్మనలేదు. సాయంత్రం మగవాళ్లంతా కూడే దివానియాలో వచ్చినవాళ్లకు గహ్వా, వాళ్ల కాఫీ, పోస్తున్నాను. మొన్న కప్పు అంచు కనపడక ఒక పెద్దాయన చేతి మీద పోశాను. ఆయన చెయ్యి తుడుచుకుని, మాలేష్, ఫరవాలేదు అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నీకు ఎందుకు చెప్పలేదంటే సిగ్గు. అంతకంటే వేరే లేదు. ఊళ్లో నన్ను డ్రైవర్ నాగేశ్వర అంటారు, ఒట్టి నాగేశ్వర అంటే నాలుగు వీధుల్లో ఎవరికీ తెలియదు. నీకు కారు గురించి రాస్తున్నంతసేపూ నేను డ్రైవరునే. బానెట్ మీద చెయ్యి పెట్టమని రాస్తే అక్కడ నా చెయ్యే ఉన్నట్టుండేది. అందుకే అన్ని ప్రశ్నలు అడిగాను. నువ్వు అడిగిన ఒక్క ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. రోజుకు ఎన్ని కిలోమీటర్లంటే, సున్నా. సున్నా అని రాయలేకపోయాను.

ఇక్కడుంటే కనీసం నెలకింత వస్తుంది. అక్కడికి వచ్చి నీ మీద పడి తినడం నావల్ల కాదు. కఫీల్‌కు ఇంకా గట్టిగా చెప్పలేదు. నెలాఖరులో ఇక్కడి పండగ కాగానే చెప్పాలి. నువ్వు ఏమంటావో చెప్పు.

నాగేశ్వర

*

రాయచోటి
మార్చి 24

ఏమయ్యా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత నిన్ను బాగా తిట్టాను, అత్త విని ఎవరినే అంది. మీ కొడుకునే అన్నాను. తిట్టు అంది.

ఈ ఉత్తరం రేపు పోయే రజియా బీ చేతే పంపుతున్నా. పండగకు ముందే నీకు అందుతుంది. ఎవరూ లేనప్పుడు, మంచి వెలుతురులో కూర్చుని చదువుకో. అందుకే అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

నువ్వు సగం చెప్పావు. నేను కూడా సగమే చెప్పాను. రెండోసారి కారు చూసి వచ్చాక నీ జవాబు కోసం ఎదురుచూస్తూ, సిద్ధయ్యన్న ప్రశ్నకు నేనే జవాబు వెతికాను. నా నిప్పట్లు ఇప్పుడు వారానికి నలభై ఇళ్లకు పోతున్నాయి. సంబేపల్లి, చిన్నమండెం, లక్కిరెడ్డిపల్లె, ఏ ఊళ్లో ఎవరు కువైటుకు పోతున్నా అక్కడికి అందించాలి. బస్సులో వేస్తే పగిలిపోతున్నాయి, ఆటోవాడు మధ్యాహ్నానికి గానీ రాడు. ఒకరోజు చేతిసంచితో తిరిగి, ఎంత దూరమైందో రాసిపెట్టాను. డెబ్బై రెండు కిలోమీటర్లు. ఆ రాత చూసి సిద్ధయ్యన్న, "అయితే డీజిలే తీసుకో అమ్మా. నీ సరుకు నీ బండిలో తీసుకుపోతే బోర్డు గొడవ కూడా లేదు" అన్నాడు.

తోలేది ఎవరని ఆయన అడగలేదు. నేను చెప్పాను.

సంక్రాంతి పోయాక ఎల్ బోర్డు కాగితం తీసుకున్నాను. నేర్పింది ఎవరనుకున్నావు, ఈశ్వరయ్యే. ఆయన కారులోనే, తను నా పక్కన కూర్చుని. "క్లచ్చును బర్రెను తన్నినట్టు తన్నొద్దమ్మా" అని నెల రోజులు తల తిన్నాడు. ఎట్లా ఉన్నా కొత్తది వెయ్యాల్సిందే కదా అని దాని ప్రాణం మొత్తం తీసేశాను. పోయిన వారం పరీక్ష అయింది. ఎనిమిది ఆకారంలో తోలమన్నారు, మొదటిసారి రాయి తగిలింది, రెండోసారి తగలలేదు. లైసెన్సు వచ్చింది. మొన్న సోమవారం కారు నా పేరు మీదికి మారింది. నీకు ఏప్రిల్లో చెబుదామని దాచాను. నువ్వు రెండేళ్లు ఉంటానని రాసినప్పుడు చెబుదామనుకున్నా, కోపంతో చెప్పలేదు.

ఇంజను గురించి నాకు తెలిసినదంతా నీ ఉత్తరాల్లోంచి వచ్చిందే. నిన్న చిన్నమండెం దారిలో కొట్టుకోవడంలో ఒక చప్పుడు తేడాగా వినిపించింది. పక్కన ఈశ్వరయ్య ఉన్నాడు గానీ ఆయనకు మేకల జబ్బే తెలుసు. నువ్వుంటే చెప్పేవాడివి కదా అనిపించింది. నీ చెవులకు షుగరు పట్టలేదు కదా. ఏ ఇంటికి ఏ సందులోంచి పోవాలో, విమానంలో ఏ పొడి పోనిస్తారో ఏది పారేస్తారో, కువైటులో ఎవరి నాలుకకు ఏం కావాలో నీకు తెలిసినంత నాకు తెలియదు. నా మీద పడి తినడమంటావా? పొద్దున నాలుగు గంటలకు పిండి కలపాలి, అప్పుడు చూద్దాం ఎవరు ఎవరి మీద పడ్డారో.

ఇఖామా కొట్టించొద్దు. టికెట్టు తియ్యమను. కంటి మందులు ఇక్కడా ఉన్నాయి, తిరుపతిలో పెద్ద డాక్టర్లున్నారు, నేనే తీసుకెళతాను.

చెన్నై ఎయిర్‌పోర్టు దాకా రావడానికి మాత్రం నాకు ఇంకా ధైర్యం చాలదు, ఉన్నమాట చెబుతున్నా. బస్సులో రాయచోటికి వచ్చెయ్, బస్టాండు ఎదురుగా తెల్ల కారులో ఉంటాను. నువ్వు లీవుకు వచ్చిన ప్రతిసారీ, ఎవరి బండి దగ్గరికి పోయినా కువైటు అలవాటున ఎడమ తలుపు తీస్తావు, అక్కడ స్టీరింగు లేకపోయేసరికి సిగ్గుపడి చుట్టూ తిరిగి అటువైపు పోతావు. ఈసారి తిరగొద్దు. అదే తలుపు తీసి కూర్చో.

రమాదేవి